చదువు బందుపెట్టినది ఎవరు?

హనుమకొండకు పశ్చిమమున, కాజీపేట రైలు కూడలిని దాటి కొంతదూరము పోయిన పిమ్మట కనబడు ధర్మసాగరము, పేరునకు తగినట్లే చెరువు చేత ప్రసిద్ధికెక్కిన ఊరు. దేవాదుల ఎత్తిపోతల పథకము వలన గోదావరి జలము కొండలను, కోనలను గడచి వచ్చి ఈ జలాశయమున విశ్రమించును; ఓరుగల్లు నగర ప్రజలకు త్రాగునీటిని సమకూర్చు చెరువులలో ఇది ముఖ్యమైనది. చుట్టుప్రక్కల ముప్పారము, ఎల్కుర్తి, తాటికాయల, పెద్దపెండ్యాల, దేవునూరు మున్నగు గ్రామములు కలవు. నీరు నగరమునకు పోవు దిక్కుననే ఈ పల్లెల బిడ్డలును ఉదయముననే పుస్తకముల సంచి భుజమునకు తగిలించుకొని, బస్సుకొరకు ఎదురుచూచి, మడికొండ మీదుగనో, కాజీపేట మీదుగనో కళాశాలలకు పోవుచుందురు. చెరువులో నీరెంత చేరినదో, ఎంత వెడలినదో కొలిచి వ్రాసెడి పద్ధతి మనకున్నది. ఈ పల్లెలనుండి కళాశాలలో చేరినవారెందరు, కడముట్ట చదివి పట్టము చేత బట్టుకొని వచ్చినవారెందరు అని మాత్రము ఏ అరుగు మీదను ఎవ్వరును లెక్కకట్టరు. నడుమనే తిరిగివచ్చినవానిని గూర్చి ఊరివారు చెప్పు మాట యొక్కటే: “ఆ పిల్లగాడు సదువు బందువెట్టిండు.”

ఈ వాక్యమునందలి కర్తను ఒక్కసారి పరిశీలింపుడు. బందుపెట్టినవాడు పిల్లవాడు. భాష తెలియక మొదటి నెలలోనే బిత్తరపోయినను, హాస్టలులో చోటు దొరకక పోయినను, ఫీజు బాకీ వలన పరీక్షకు కూర్చుండలేక పోయినను, నెలల తరబడి తరగతికి రాకున్నను ఎక్కడనుంటివని అడుగు నాథుడు లేక పోయినను, నేరము మాత్రము వానిదే. నూరేండ్లకు పైబడిన మన ప్రాంత విద్యా చరిత్రను ఓపికతో తిరుగవేసి చూచినచో, ఈ వాక్యములోని కర్త తప్పు అని తేలుచున్నది. చదువును ఆపినవి వేరువేరు కాలములలో వేరువేరు సంగతులు. ఆపకుండ నిలిపినవియు అట్లే. ఆ రెంటి కథయే ఈ వ్యాసమునకు విషయము.

మొదటి అడ్డుగోడ భాష. హైదరాబాదు రాజ్యమున మొదట పారసీ, పిమ్మట ఉర్దూ రాజభాషలుగా నుండెను. వీధిబడిలో పెద్దబాలశిక్ష చదివి, ఇసుకలో అక్షరములు దిద్దిన బాలుడు పై తరగతులకు పోవలెనన్న ఇంటిలో గాని, సంతలో గాని వినని భాషలో గణితమును, భూగోళమును నేర్వవలసి వచ్చెను. 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నతవిద్యను ఒక దేశభాషలో బోధింపవచ్చునని నిరూపించిన ఘనకార్యమనుటలో సందేహము లేదు. శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకై ప్రత్యేకముగా అనువాదశాలనే నెలకొల్పిరి. అయితే ఆ దేశభాష తెలుగు, మరాఠీ, కన్నడములు మాట్లాడు అధిక సంఖ్యాకులది కాదు. 1927లో హనుమకొండలో కళాశాల విద్యకు అంకురార్పణము జరిగినప్పుడు (అదియే కాలక్రమమున సుబేదారిలోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలగా వర్ధిల్లినది) ఈ ప్రాంతపు యువకులకు హైదరాబాదు వరకు పోనక్కరలేకుండ ఒక ద్వారము తెరచుకొన్నది. కాని ద్వారమునకు గడప మిక్కిలి యెత్తుగ నుండెను. 1921లో హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాట్లాడబోగా సభికులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. పెద్దల సభలోనే తెలుగునకు ఆ గతి పట్టినప్పుడు, తరగతి గదిలో చివరి వరుసన కూర్చున్న పల్లెటూరి బాలుడు నోరు విప్పి సందేహమడుగుట ఎట్లు సంభవించును?

ఆ గడపను తగ్గించుటకు ప్రజలు తామై పూనుకొనిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. వీనిని పుస్తకములుంచిన గదులుగా మాత్రమే భావింపరాదు. ప్రైవేటు పాఠశాలలు స్థాపించుటకు ప్రభుత్వపు అనుమతి కావలసి, సభలు జరుపుటకు సైతము ఆటంకములున్న ఆ దినములలో, గ్రంథాలయము విద్యార్థికి రెండవ బడి. అక్కడ వానికి తన భాషలో పత్రిక దొరకెను. తనకంటె రెండేండ్లు ముందు చదివినవాడు దొరకెను. చెప్పినది వినువాడు దొరకెను. పాఠశాల చేయజాలని పనిని గ్రంథాలయము చేసెను. నేడు విద్యావేత్తలు విద్యార్థికి ఆసరా అని చెప్పుకొనునట్టి దానిని ఈ గడ్డమీద నాటి పెద్దలు ఏ నామకరణమును లేకయే ఆచరణలో పెట్టిరని చెప్పవచ్చును.

రెండవ అడ్డు కూడు, గూడు. పల్లెనుండి పట్టణమునకు చదువ వచ్చినవానికి బంధువుల యింట వారములు చెప్పుకొని తినుటయో, అద్దెగదిలో స్వయంపాకమో తప్ప గత్యంతరము లేదు. 1918లో రాజబహద్దరు వెంకటరామారెడ్డిగారు హైదరాబాదులో రెడ్డి హాస్టలును నెలకొల్పినప్పుడు తెలంగాణ విద్యా చరిత్రలో ఒక క్రొత్త ప్రకరణము ప్రారంభమైనది. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ వసతిగృహమునకు పెద్దదిక్కుగా నుండి విద్యార్థులను తీర్చిదిద్దిరి. గోలకొండ పత్రికను 1926లో ప్రారంభించినదియు వారే. రావి నారాయణరెడ్డి వంటివారు అక్కడ నుండి చదువుకొన్నవారు. అన్నము పెట్టిన చోటనే గ్రంథాలయము, వ్యాయామము, చర్చ, క్రమశిక్షణ, పెద్దవారి నిఘా కలసియుండుట చేత అక్కడ చేరిన బాలురకు పట్టణము అడవివలె తోపలేదు. హాస్టలు అనగా మంచము, కంచము మాత్రమే కాదని, విద్యార్థి పేరు తెలిసిన పెద్ద యొకడు అక్కడ నుండుటయే దాని ప్రాణమని ఆ సంస్థ చాటినది.

అయినను సత్యమును దాచరాదు. కులము పేరిట వెలసిన వసతిగృహము ఆ కులమునకు చేరువై, ఇతరులకు దూరముగ నుండుట సహజము. అట్టి ఆసరాకు నోచుకొనని వారిలో అందరికంటె వెనుకనున్నవారు అస్పృశ్యులనబడినవారు. వారికొరకు 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, పిమ్మట హైదరాబాదున ఆదిహిందూ పాఠశాలలను నడపిన భాగ్యరెడ్డివర్మగారి కృషి ఈ చరిత్రలో స్వర్ణాక్షరములతో వ్రాయదగినది. తలుపు తట్టుటకే అర్హత లేదని లోకము త్రోసివేసిన బిడ్డలకు ఆయన వేరొక తలుపును నిర్మించెను. సమత్వమనగా అందరికి ఒకే పాఠము చెప్పుట అని తలచువారు, ఆ పాఠము వినుటకు గదిలోనికి రానిచ్చిన వారెవరో ముందు విచారింపవలెను.

చదువు ఆగిపోవుటకు రాజ్యమే కారణమైన సందర్భము 1938లో సంభవించెను. ఉస్మానియా విద్యార్థులు తమ వసతిగృహములలో వందేమాతర గీతమును పాడిరని వారిని బహిష్కరించిరి. ఆ యుద్యమము హనుమకొండకును ప్రాకెను. ఇక్కడి కళాశాలలో చదువుచుండిన పి.వి. నరసింహారావుగారు సైతము హైదరాబాదు రాజ్యమున చదువు సాగింపలేక నాగపురమునకు తరలిపోయిరి. వందలకొలది యువకుల భవిష్యత్తు చీకటియైన ఆ తరుణమున నాగపురపు విశ్వవిద్యాలయము వారిని ఆదరించి చేర్చుకొన్నది. ఒక విశ్వవిద్యాలయము వెడలగొట్టిన విద్యార్థులే మరియొక చోట చదివి దేశ నాయకులైరి. అందొకరు భారత ప్రధాని పదవిని అధిష్ఠించిరి. విద్యార్థి ఆ నడుమ మారలేదు, మారినది సంస్థ. చదువు నిలుచుట, ఆగుట అనునవి విద్యార్థి గుణము మీదనే గాక సంస్థ మనస్సు మీద ఆధారపడియుండునని చెప్పుటకు మన జిల్లాలో ఇంతకు మించిన దృష్టాంతము అక్కరలేదు.

1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన పిదప కళాశాలల యుగము వచ్చినది. 1959లో కాజీపేట, హనుమకొండల నడుమ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. దేశములోని అట్టి కళాశాలలలో అది మొట్టమొదటిది. ఆ యేడే కాకతీయ వైద్యకళాశాలయు వెలసినది. వడ్డేపల్లిలో పింగిళి మహిళా కళాశాల ఆడపిల్లల చదువునకు నెలవైనది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము ప్రత్యేకముగా ఏర్పడినది. ధర్మసాగరమునుండి హనుమకొండకు పోవు పల్లె విద్యార్థి నేటికిని ఇంజనీరింగు కళాశాల ప్రాంతమును దాటియే పోవును. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థయైనది. దేశపు నలుమూలలనుండి వచ్చిన యువకులు అందు చదువుచుండగా, ప్రక్క పల్లె బిడ్డ బస్సు కిటికీలోనుండి దానిని చూచి పోవుటయే యెక్కువ. దగ్గరగ నుండుట వేరు, అందుబాటులో నుండుట వేరు అని ఆ కిటికీ ప్రతిదినమును బోధించుచున్నది.

ఈ దూరమును తగ్గించుటకు ప్రభుత్వములు చేసిన ప్రయత్నములను తక్కువ చేయుట కృతఘ్నత. డాక్టరు అంబేద్కరుగారి కృషి ఫలితముగ 1944లో షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ అనంతర ఉపకారవేతనములు ప్రారంభమైనవి. 1970లో అనంతరామన్ సంఘము వెనుకబడిన తరగతులకు ప్రత్యేక స్థానములు కేటాయింపవలెనని సిఫారసు చేయగా, 1972లో సుప్రీంకోర్టు ఆ యేర్పాటును సమర్థించినది. నాగపురమునకు పోయి చదువుకొనవలసి వచ్చిన పి.వి. గారే ముఖ్యమంత్రియై 1971లో సర్వేలున గురుకుల విద్యాలయమును ప్రారంభించిరి. చదువునకై ఊరు విడిచిన బాధను ఎరిగినవాడు, ఊరి పిల్లలకు అన్నముతో కూడిన చదువును ఒకచోట సమకూర్చుటలో ఔచిత్యము కలదు. ఆ గురుకుల వృక్షమే శాఖోపశాఖలై, 2016 నాటికి తెలంగాణలో సాంఘిక సంక్షేమ మహిళా డిగ్రీ కళాశాలల వరకు విస్తరిల్లినది. 2008 ప్రాంతమున బోధనా రుసుముల చెల్లింపు పథకము వచ్చి, కూలి చేసికొను కుటుంబములనుండి మొదటి తరము వారు ఇంజనీరింగు తరగతులలో కాలుమోపిరి. అయితే ప్రభుత్వమునుండి ఆ ధనము ఆలస్యమైనప్పుడు ఆ భారము కళాశాలనుండి విద్యార్థి మీదికి జారుటయు, కొన్ని చోట్ల ధ్రువపత్రములు చేతికి రాక వాడు పై చదువునకును, ఉద్యోగమునకును నోచుకొనకుండుటయు మనము చూచుచున్నాము. చేరువరకే ఉన్న శ్రద్ధ చేరిన పిదప సడలినచో, ఎక్కించిన నావను నడియేట విడిచినట్లు కాదా?

భాష సమస్యయు తీరలేదు. ఉర్దూ పోయిన చోట ఆంగ్లము కూర్చున్నది. తెలుగు విద్యార్థి నిలుచుండియే యున్నాడు. 1968లో తెలుగు అకాడమీ స్థాపితమై, పి.వి. గారు దానికి తొలి అధ్యక్షులై, ఇంటరు, డిగ్రీ విద్యార్థులకు తెలుగున పాఠ్యగ్రంథములను సమకూర్చినందున వేలాది పల్లె బిడ్డలు రసాయనమును, అర్థశాస్త్రమును తమ నాలుకకు పట్టునట్లు చదివిరి. ధర్మసాగరమునకు ఇరుగుపొరుగైన మడికొండలో పెరిగిన కాళోజీ నారాయణరావుగారు జీవితమంతయు జనుల పలుకునకు గౌరవము కల్పింప బోరాడిరి. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినోత్సవముగ జరుపుకొనుచున్నాము. కాని నేడు డిగ్రీలోను, ఇంజనీరింగులోను ఆంగ్లమే ప్రధానమైనందున, తెలుగున పదియేండ్లు చదివిన బాలిక మొదటి సెమిస్టరులో పాఠము తెలియక గాక, పాఠము చెప్పిన భాష తెలియక వెనుకబడుచున్నది. మొదటి పరీక్షలో తప్పినది రెండవ సెమిస్టరునకు బాకీ; రెండు బాకీలు కలసినచో భయము; భయము ముదిరినచో ఇల్లు. ఈ మెట్లలో మొదటి మెట్టుననే ఎవరైన చేయి పట్టుకొన్నచో తక్కిన మెట్లు దిగనక్కరయే లేదు.

దిగిపోయినవారికి తిరిగి ఎక్కు మార్గమును చూపిన ఖ్యాతి మన తెలుగుదేశమునకే దక్కినది. 1982లో భారతదేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము ఆంధ్రప్రదేశమున స్థాపితమైనది. కరీంనగరు గడ్డమీద పుట్టిన ఆచార్య జి. రామిరెడ్డిగారు దానికి ప్రథమ ఉపాధ్యక్షులు. ఇంటరు చదువనివారు సైతము అర్హతపరీక్ష వ్రాసి డిగ్రీలో చేరుటకు అది అవకాశము కల్పించినది. నేడది డాక్టరు అంబేద్కరుగారి పేర వెలుగొందుచున్నది. సెలవుదినముల తరగతులకు పొలము పనిని విడిచి, దుకాణమును మూసి, బిడ్డను తల్లికి అప్పగించి వచ్చు విద్యార్థులను చూచినచో, చదువును బందుపెట్టినది వారు కారని కండ్లకు కట్టును. బందుపెట్టినవాడు ఇరువదియేండ్ల తరువాత మరల పుస్తకము పట్టునా?

ఇక మూడవ అడ్డు కనబడనిది. భాషయు వచ్చి, ఫీజును కట్టి, హాస్టలులో చోటును దొరకియు, విద్యార్థికి తాను అక్కడివాడనని తోపకపోవుట. ఆచార్యుడు పేరు పిలువడు. నోట్సు వ్రాసికొనుట, పరీక్షలో అప్పగించుట తప్ప పని లేదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీము చేతిపనితో చదువును కలుపవలెనన్నది. 1969లో ప్రారంభమైన జాతీయ సేవాపథకము కళాశాల విద్యార్థిని ఊరిలోనికి నడిపించినది. తెలంగాణ కళాశాల విద్యాశాఖ నడపుచున్న ‘జిజ్ఞాస’ అను విద్యార్థి అధ్యయన కార్యక్రమమున ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థులు తామే ఒక సమస్యను ఎన్నుకొని, పరిశీలించి, నివేదిక వ్రాసి, పెద్దల యెదుట సమర్పించుచున్నారు. ధర్మసాగరపు విద్యార్థికి అట్టి పనికి కావలసిన సామగ్రి ఇంటి ముంగిటనే కలదు. చెరువు నీటి మట్టమును ఋతువు ఋతువునకు కొలుచుట గణితము; ఆ నీటిని పరీక్షించుట రసాయనము; ముప్పారములోని కాకతీయుల నాటి త్రికూటాలయమును గీచి వర్ణించుట చరిత్ర; దేవునూరు ఇనుపరాతి గుట్టల రాళ్ళను, చెట్లను గుర్తించుట భూగర్భ, వృక్షశాస్త్రములు; పత్తి రైతు ఖర్చును లెక్కకట్టుట వాణిజ్యము. తరగతిలో నోరు మెదపని బాలుడు చెరువు కట్టమీద నిలుచుండినప్పుడు ఆచార్యునకే పాఠము చెప్పగలడు. తూము ఏది, అలుగు ఏది, ఏ యేట అలుగు పోసినదో వానికే తెలియును. ఒకసారి గురువైనవాడు బడిని విడుచుట కష్టము.

దూరదేశముల అనుభవమును ఇదే. అమెరికాలో విన్సెంట్ టింటో అను పండితుడు 1975 నుండి ఈ విషయముననే పరిశోధించి, విద్యార్థి కళాశాల చదువులోను, అచటి సహవాసములోను కలిసిపోలేనప్పుడు విడిచిపోవుచున్నాడని వాదించెను. న్యూయార్కు నగర విశ్వవిద్యాలయము 2007లో ప్రారంభించిన ఆసాప్ అను పథకమున బీద విద్యార్థులకు ఫీజులోటు తీర్చుటయే గాక, పుస్తకములను, నగర రవాణాకు ఉచిత పాసును, తరచుగ కలిసి మాటలాడు సలహాదారును ఒక్కచోట సమకూర్చిరి. పరీక్షించి చూడగా, మూడేండ్లలో పట్టము పొందినవారు ఆ సహాయము లేనివారిలో నూటికి సుమారు 22 మంది కాగా, సహాయము పొందినవారిలో 40 మంది. ఇందు ఏ యొక్క యంశమును మహాద్భుతము కాదు. అన్నియు ఒక్కసారి, విడువకుండ, ఒక్క విద్యార్థి చుట్టును చేరుటయే ఆ ఫలితమునకు మూలము. మన యొద్దను 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఆడువారికి ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము వచ్చినది. బస్సు కిరాయి లేదని ఇంట నిలిచిపోవలసిన బాలికకు ఇది చిన్న మేలు కాదు. కాని బస్సు దిగిన చోట ఆమెకొరకు ఎదురుచూచు ఆచార్యురాలు కూడ నుండినగదా ఆ ప్రయాణము సార్థకమగుట!

వంద సంవత్సరముల ఈ కథలో చదువు నిలిచిన చోటులనన్నిటిని ఒక్కసారి తలపోసినచో, భాషానిలయములు, హాస్టలులు, నాగపురపు ఆదరణ, సర్వేలు గురుకులము, సార్వత్రిక విశ్వవిద్యాలయము, అన్నిటను ఉమ్మడిగ నున్నది ఒక్కటి: విద్యార్థి తమవాడని, వాని చదువు ఆగినచో అది తమ లోటని భావించినవారు అక్కడ నుండిరి. చదువు ఆగిన చోటులలో ఆ భావన లేదు. కావున కళాశాలలను ఎందరు చేరిరన్న లెక్కచే గాక, చేరినవారిలో ఎందరు నిలిచిరన్న లెక్కచే తీర్పు తీర్చవలెను. అందును కూలివారి బిడ్డలు, ఆడపిల్లలు, దళితులు, గిరిజనులు ఎందరు నిలిచిరో వేరువేరుగ చూడవలెను.

ధర్మసాగరపు పెద్దలకును, హనుమకొండ కళాశాలల ఆచార్యులకును నా విన్నపము ఇది. మొదటి నెలలో వరుసగ వారము దినములు తరగతికి రాని పిల్లవాని ఇంటికి ఒకరు పోవుడు. ఎందుకు రాలేదని గద్దింపక, ఏమి అడ్డము వచ్చినదని అడుగుడు. ఆ అడ్డును తొలగించుట మీ చేతనైనది చేయుడు. కానిది వ్రాసి పైవారికి తెలుపుడు. ఇకమీదట ఊరి అరుగుమీద ‘సదువు బందువెట్టిండు’ అను మాట వినబడినప్పుడెల్ల, బందుపెట్టినది ఎవరని ఒక్కమారు ఎదురడుగుడు.